తుఫాను వెళ్ళాక డిగ్రీ కాలేజీ చెయ్యాల్సిన పనేమిటి? పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు వాళ్ళు చెప్పండి

వంశధార_ఒడ్డు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పర్లాకిమిడికీ గుణుపురానికీ మధ్య ఉన్న ఒక చిన్న ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీని ఇలాగే అంటారు) కాలేజీకి విపత్తు ప్రణాళిక రాస్తున్నాం. ఆర్ట్సూ సైన్సూ కలిపి ఆరు వందల మంది పిల్లలు. తెలుగిళ్ళవాళ్ళు, ఒడియావాళ్ళు, కొండ మీంచి దిగొచ్చే సవర పిల్లలు, అందరూ ఉన్నారు. ఇంతవరకూ రాసినదంతా కలిపి చూస్తే ఒక్కటే మాట తేలింది: గదులు తెరిచి ఊరివాళ్ళకు చోటివ్వాలి. ఇవ్వాలి, సందేహం లేదు. కానీ ఆ పని హైస్కూలూ చేస్తుంది, కల్యాణమండపమూ చేస్తుంది. డిగ్రీ కాలేజీ ఒక్కటే చెయ్యగలిగింది ఏమిటన్నది నా ప్రశ్న.

తుఫాన్ల తేదీలు చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. మూడూ ఒకే వారం. ఒకటి, మూడు, అయిదు సెమిస్టర్లు సరిగ్గా నడిమధ్యలో ఉండే రోజులు. కాబట్టి సెమిస్టరు ఎలా నిలబెట్టుకోవాలి, తడిసిన సర్టిఫికెట్లూ పుస్తకాలూ ఏం చెయ్యాలి, మా లాబొరేటరీ చుట్టుపక్కల ఊళ్ళకు ఏ రకంగా పనికొస్తుంది, ఇవి తెలిసినవాళ్ళు వివరంగా రాస్తే ప్రణాళికలో పెట్టుకుంటాం.

సెమిస్టర్_లెక్క:

తుఫాను వెళ్ళిన నెల రోజుల్లో ఒక్క విద్యార్థీ చదువు మానెయ్యకుండా చూసుకోవడం కాలేజీ మొదటి పనండీ. మిగతావన్నీ దాని తరవాతే.

గంజాం కుర్రాళ్ళకు సూరత్ మరమగ్గాల దారి కొత్త కాదు. ఇంటి కప్పు లేచిపోయి, జీడితోటో కొబ్బరితోటో పడిపోయాక, ఈ ఒక్క ఏడాదికీ పనికెళ్ళొస్తానని రైలెక్కినవాణ్ణి మళ్ళీ తరగతికి తేవడం చాలా కష్టం. ఆడపిల్లల సంగతి వేరు. హాస్టలు మూతపడితే ఇంటికి పంపేస్తారు, ఇంట్లో పెళ్ళి మాట మొదలవుతుంది. ఇవి జరిగేది గాలివాన రోజున కాదు, రెండో వారంలోనూ మూడో వారంలోనూ. కాలేజీ సెలవులిచ్చి నోటీసు బోర్డుకు తాళమేసుకునే రోజులవి.

అందుకని సెప్టెంబరులోనే ప్రతి లెక్చరరుకూ ఇరవై మంది పిల్లల్ని అప్పజెప్పండి. ఆరు వందల మందికి ముప్పై జాబితాలవుతాయి. ఒక్కో పేరు పక్కన రెండు నంబర్లు ఉండాలి. ఒకటి పిల్లవాడిది, రెండోది అదే ఊరి కిరాణా కొట్టుదో వార్డు మెంబరుదో. ఇంట్లోవాళ్ళ నంబరే రెండోదిగా రాస్తే లాభం లేదు, ఒకే ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి చార్జింగు అయిపోతాయి. తుఫాను దాటిన అయిదో రోజుకల్లా అందరితో ఒక్కసారైనా మాట్లాడాలి. పదో రోజుకీ దొరకనివాళ్ళ ఇంటికి మనిషి వెళ్ళాలి. ఆ మనిషి తోటి విద్యార్థి అయితే మరీ మంచిది, దారులు వాళ్ళకే తెలుసు.

తరవాతిది ఫారం ఫిల్లప్. పరీక్ష ఫారం గడువు అక్టోబరు చివర్లో పడితే డబ్బు లేక ఫారం కట్టనివాడు పేరుకు విద్యార్థే గానీ ఆ సెమిస్టరు పోయినట్టే. ప్రిన్సిపాలు మొదటి వారంలోనే పరీక్షల కంట్రోలరుకు ఉత్తరం రాయాలి. 'గడువు పెంచగలరు' అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే ఫైల్లో పడి ఉంటుంది. రోల్ నంబర్లు, దెబ్బతిన్న ఊళ్ళ పేర్లు, బ్లాకు ఆఫీసు ఇచ్చిన నష్టం జాబితా నకలు జతచెయ్యాలి. ఇంటర్నల్ పరీక్షలు అక్టోబరు 5 నుంచి 25 లోపు పెట్టకూడదని అకడమిక్ క్యాలెండరులోనే రాసేసుకోండి. పైసా ఖర్చు లేని పని, ఎవరూ చెయ్యరు.

ఇక గంటల లెక్క. ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. 20 క్రెడిట్ల సెమిస్టరంతా పాఠాలే అనుకుంటే 300 గంటలు, 15 వారాల మీద వారానికి 20. మూడు వారాలు పోతే 60 గంటలు పోయినట్టు. రోజుకో గంట ఎక్కువ చెప్తే వారానికి 6 వస్తాయి. ఆరు వారాలే మిగిలితే 36. మిగిలిన 24 కోసం నాలుగు ఆదివారాలు ఆరేసి గంటలు నడపాలి. ఆ ఎక్కువ గంటను సాయంత్రం పెడితే ఆఖరి బస్సు తప్పిపోతుందని ఊళ్ళ నుంచి వచ్చే ఆడపిల్లలు ముందే వెళ్ళిపోతారు. పొద్దున్నే పెట్టండి, లేదా భోజన విరామం తగ్గించండి. కాలేజీ తెరవగానే ప్రాక్టికల్స్ మొదలుపెట్టండి. పాఠం ఇంటి దగ్గర చదువుకోవచ్చు, టైట్రేషన్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే లాబొరేటరీ పరీక్ష) చెయ్యలేరు. ఆఖరి ఏడాదివాళ్ళకు ముందు వరస ఇవ్వండి. 2020లో కోవిడ్ సమయాన చివరి ఏడాది పరీక్ష లేకుండా పట్టా ఇవ్వడం కుదరదని యూజీసీ పట్టుబట్టింది. ఆగస్టు 28న సుప్రీంకోర్టూ అదే చెప్పింది, తేదీ వాయిదాకు మాత్రం ఒప్పుకుంది. అంటే కింది తరగతులకు ఏదో దారి దొరుకుతుంది గానీ వీళ్ళకు దొరకదు.

ఎంత చెప్పినా చదువు ఆపక తప్పని పిల్లవాడుంటే సెమిస్టరు మధ్యలో మానెయ్యనివ్వకండి. ఉన్న సెమిస్టరు పరీక్ష రాయించి పంపండి. గట్టెక్కిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో ఏడేళ్ళ దాకా నిలవుంటాయి. సగంలో మానేసిన సెమిస్టరుకు అక్కడ ఏమీ ఉండదు. ఈ ముక్క పిల్లవాడి అమ్మానాన్నలకు కూర్చోబెట్టి తెలుగులోనో సవరలోనో చెప్పాలి. ఒడియా సర్క్యులరు చేతికిచ్చి పంపితే అర్థం కాదు.

కలెక్టరేటు_మెట్లు:

సెమిస్టర్_లెక్క గారితో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. ఆశ్రయం ఇవ్వడం సులువు, గదులు తిరిగి రాబట్టుకోవడం కష్టం. తరగతులు ఆలస్యంగా మొదలవడానికి చాలాచోట్ల ఇదే కారణం.

విపత్తు నిర్వహణ చట్టం 2005లో 65వ సెక్షను కింద సహాయ పనులకు భవనాలు స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వ యంత్రాంగానికి ఉంది. 66వ సెక్షను పరిహారం సంగతి చెప్తుంది. కాబట్టి నోటి మాట మీద తాళాలు ఇవ్వకండి. రాతపూర్వకమైన ఆర్డరు తీసుకోండి. ఏ గదులు, ఏ తేదీ నుంచి అని అందులో ఉండాలి. బెంచీలు, ఫ్యాన్లు, కిటికీ తలుపులు లెక్కపెట్టి కాగితం మీద ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇచ్చే గదులూ ముందే ఎంచుకోవాలి. మనిషికి 3.5 చదరపు మీటర్లు, రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్ళు, ఇరవై మందికో మరుగుదొడ్డి అన్నది అంతర్జాతీయంగా వాడే స్ఫియర్ కొలత. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గదిలో 13 మందికి మించకూడదన్నమాట. నిజంగా తుఫాను రాత్రి యాభై మంది ఉంటారు, ఆ రాత్రికి తప్పదు. మర్నాటి నుంచి పలచన చెయ్యాలి. లాబొరేటరీ, లైబ్రరీ, పరీక్షల గది, ఆఫీసు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు. వరండాలూ ఆడిటోరియమూ ముందు, తరగతి గదులు తరవాత.

ప్రయోగశాల_కిటికీ:

కలెక్టరేటు_మెట్లు గారు లాబొరేటరీ ఇవ్వకూడదన్నారు, నూటికి నూరుపాళ్ళు నిజం. మీరడిగిన 'కాలేజీ ఒక్కటే చెయ్యగలిగిన పని' ఆ గదిలోనే ఉంది.

వరద దిగాక ఊరూరా బావుల్లో బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. ఎంత వెయ్యాలన్నది మాత్రం చేతివాటమే, ఒక దోసెడు అటూ ఇటూ. కొత్త పొడిలో అందుబాటు క్లోరిన్ (నీళ్ళను శుద్ధిచేసే భాగం) 33 శాతం దాకా ఉంటుంది. గాలి, తేమ, ఎండ తగిలితే అది ఊరికే పోతుంది. ఏడాది క్రితం తెరిచిన బస్తాలో ఎంత మిగిలిందో కంటితో చూసి చెప్పలేం. బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు మాత్రం అరగంటలో చెప్పగలరు.

5 గ్రాముల పొడిని నీళ్ళతో ముద్దలా నూరి 500 మి.లీ. ఫ్లాస్కులో గీత దాకా నింపండి. బాగా కుదిపి వెంటనే 25 మి.లీ. పిపెట్‌తో తియ్యండి. దాన్ని వడగట్టకూడదు, తేరనివ్వకూడదు. తేటనీళ్ళే తీస్తే లెక్క తప్పుతుంది, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పొటాషియం అయొడైడ్, ఎసిటిక్ ఆమ్లం కలిపితే అయొడిన్ విడుదలై గోధుమ రంగొస్తుంది. 0.1 నార్మల్ సోడియం థయోసల్ఫేటుతో టైట్రేట్ చెయ్యండి. రంగు లేత పసుపుకు దిగాకే పిండి ద్రావణం చుక్కలు వెయ్యాలి. నీలం పోయేసరికి బ్యూరెట్టులో ఎన్ని మి.లీ. దిగిందో దాన్ని 1.418తో గుణిస్తే క్లోరిన్ శాతం వస్తుంది. 23 మి.లీ. దాటాక పోతే పొడి బాగున్నట్టు. 11, 12 దగ్గరే పోతే సగం బలం పోయినట్టు.

ఇక బావి. గుండ్రటి బావిలో నీళ్ళ లీటర్లు కావాలంటే వ్యాసాన్ని వ్యాసంతో, ఆపైన నీటి లోతుతో, 3.14తో గుణించి నాలుగుతో భాగించి వెయ్యితో గుణించాలి, కొలతలన్నీ మీటర్లలో. 2 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల నీళ్ళున్న బావిలో 15,700 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి పొడి చొప్పున సుమారు 40 గ్రాములు. సగం బలం పోయిన పొడి అయితే 80. ఇది మామూలు రోజుల మోతాదు. వరద నీళ్ళు దూరిన బావికి ఇంకా పడుతుంది. ఆ ఎంతన్నది హారక్స్ పరీక్షతో (నీళ్ళకు ఎంత పొడి పడుతుందో చూపే పరీక్ష) తేల్చాలి.

నీళ్ళు ఎర్రగా మట్టిగా ఉండగా పొడి వెయ్యడం వృథా. క్లోరిన్ మట్టితోనే ఖర్చయిపోతుంది. ముందు మోటారు పెట్టి తోడించాలి. పొడిని బకెట్టులో ముద్ద చేసి, నీళ్ళు పోసి, పది నిమిషాలు ఆగి, పైన తేటనీళ్ళను వేరే బకెట్టులో వంచి, ఆ బకెట్టును తాడుతో బావిలోకి దించి ఆడించండి. అడుగున మిగిలిన సున్నం బావిలో వెయ్యకూడదు, నీళ్ళ కఠినత్వం పెరుగుతుంది. గంట ఆగాక లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. చూడ్డానికి డీపీడీ మాత్రలు వాడండి. పాత పుస్తకాల్లో ఆర్థోటాలిడిన్ అని ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఇద్దరు పిల్లలు, ఒక టేపు, ఒక మాత్రల పెట్టె ఉంటే రోజుకు ఎనిమిది బావులు చూడొచ్చు. ఎన్ఎస్ఎస్ పిల్లలకు ఏడాదికి 120 గంటల సేవ ఎలాగూ ఉంది. ర్యాలీలతో, బ్యానర్లతో గడిపేసే ఆ గంటలు ఇందులోకి మళ్ళించండి. ఫలితాలు సర్పంచికీ ఆశా కార్యకర్తకూ అదే రోజు అందాలి. రిపోర్టు అచ్చేసి నెలాఖరుకు పంపితే అప్పటికి విరేచనాలు మొదలైపోతాయి.

మీ లాబొరేటరీలోనే ప్రమాదం పుట్టకుండా కూడా చూసుకోవాలి. హెచ్చరిక రాగానే సోడియం లోహం సీసాను పై అరకు చేర్చండి. కిరసనాయిల్లో ఉన్న ఆ ముక్కలకు వరద నీళ్ళు తగిలితే మంటే. ఆమ్లాలు మామూలుగా కింది అరల్లో ఉంటాయి, వాటిని ప్లాస్టిక్ ట్రేల్లో పెట్టి నీళ్ళందని ఎత్తుకు మార్చండి. ఆమ్లమూ బ్లీచింగ్ పౌడరూ ఒకే గదిలో ఉండకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. తడిసిన యంత్రం పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, మెకానిక్ విప్పి చూసేదాకా ప్లగ్గు పెట్టొద్దు.

పాత_అలమర:

లైబ్రరీ గురించి రాస్తాను. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టడం అందరూ చేసే పని. అట్ట వంకరపోతుంది, బంక విడిపోతుంది. నున్నటి కాగితం పుస్తకమైతే పుటలు అతుక్కుని ఇటుకలా అయిపోతుంది, ఆ తరవాత ఎవరూ విడదియ్యలేరు.

మన తీరాన అక్టోబరు ఉక్కలో 48 గంటలు దాటితే బూజు వస్తుంది. అంతలో ఆరబెట్టగలిగింది మహా అయితే రెండు మూడు వందల పుస్తకాలు. మిగతావి గడ్డకట్టించాలి. గోపాలపురం, చిలికా వైపు రొయ్యలూ చేపలూ నిలవుంచే కోల్డ్ స్టోరేజీలు మైనస్ 18 డిగ్రీల్లో నడుస్తాయి, అవి పనికొస్తాయి. ఆలుగడ్డల స్టోరేజీ 2 నుంచి 4 డిగ్రీలే, అక్కడ బూజు నెమ్మదిస్తుంది గానీ ఆగదు. యజమానితో సెప్టెంబరులోనే మాట్లాడి పెట్టుకోండి. తుఫాను తరవాత అతని సరుకు గొడవ అతనికుంటుంది.

బురద ఉంటే పుస్తకం మూసే ఉంచి మంచినీళ్ళలో ముంచి కడగాలి, తెరవకూడదు, రుద్దకూడదు. ఒక్కోదాన్నీ విడిగా పాలిథీన్‌లో చుట్టి, వెన్ను కిందకుండేలా ప్లాస్టిక్ క్రేటులో నిలబెట్టండి. మరీ బిగించొద్దు. గడ్డకట్టాక తొందరేం లేదు, రోజుకు పది పదిహేను తెచ్చి ఫ్యాను గాలికి నీడలో ఆరబెట్టుకోవచ్చు. పుటల మధ్య అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్ పెట్టి గంట గంటకూ మార్చాలి. చదివేసిన పేపరు పెడితే సిరా అంటుకుంటుంది.

ముందు దేన్ని కాపాడాలో ఇప్పుడే రాసి గోడకు అంటించండి. నా వరస ఇది: అడ్మిషన్ రిజిస్టర్లు, మార్కుల రిజిస్టర్లు, లైబ్రరీ యాక్సెషన్ రిజిస్టరు (లైబ్రరీకి వచ్చిన పుస్తకాల పద్దు), ఆ తరవాత ఇక్కడ తప్ప ఎక్కడా దొరకని పాత తెలుగు, ఒడియా పుస్తకాలు. పాఠ్యపుస్తకాలు ఆఖర్న, అవి మళ్ళీ కొనుక్కోవచ్చు. తాటాకు గ్రంథాలుంటే కడగొద్దు, గడ్డకట్టించొద్దు. నీడలో ఉంచి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ మ్యూజియం వాళ్ళను అడగండి, తాళపత్రాల పని వాళ్ళకు బాగా తెలుసు.

పిల్లల సర్టిఫికెట్లు పోతే ముందు డిజిలాకర్‌లో చూడాలి. ప్రభుత్వ సంస్థ నేరుగా అందులో జారీ చేసిన పత్రం అసలుతో సమానం. మనం ఫొటో తీసి ఎక్కించుకున్న నకలుకు ఆ విలువ లేదు, ఈ తేడా చాలామందికి తెలియదు. అక్కడ లేకపోతే పోలీసు స్టేషన్లో పోయినట్టు రిపోర్టు, నోటరీ అఫిడవిట్టు, వీటితో చదివిన స్కూలో కాలేజీయో ద్వారా డూప్లికేటుకు దరఖాస్తు పెట్టాలి. మెట్రిక్ అయితే కటక్ బోర్డు, ప్లస్ టూ అయితే భువనేశ్వర్‌లోని కౌన్సిల్. ఒక్కొక్కరూ స్టేషను చుట్టూ తిరిగే బదులు, కాలేజీయే ఒక రోజు నిర్ణయించి నోటరీనీ పోలీసులనూ క్యాంపస్‌కు పిలిస్తే వంద మంది పని ఒక్కరోజులో అయిపోతుంది.

సిరొంచ_రేవు:

మాది ఇటు మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా కొసన ఉన్న సిరొంచ. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మాకు తుఫాను కాదు, వరద. 2022 జూలైలో వచ్చినట్టు వస్తే రోడ్డు తెగుతుంది. యూనివర్సిటీ ఉన్న గడ్చిరోలి ఇక్కడికి సుమారు రెండొందల కిలోమీటర్లు. అందుకని మీ ప్రణాళికలో పరీక్షా కేంద్రం సంగతి కూడా కలపండి.

రోడ్డు తెగితే ఏ పిల్లలు ఏ కాలేజీలో రాయాలో యూనివర్సిటీతో ముందే ఒప్పించి పెట్టుకోండి. ప్రశ్నపత్రం ఆన్‌లైన్‌లో వచ్చి కేంద్రంలోనే అచ్చేసుకునే పద్ధతైతే లెక్క వేసుకోవాలి. 300 మందికి నాలుగేసి పుటలంటే 1,200 పుటలు. నిమిషానికి 30 పుటలు తీసే ప్రింటరుకు ఆగకుండా 40 నిమిషాలు. గంట ముందు పాస్‌వర్డ్ వస్తే ఊపిరాడదు, రెండో ప్రింటరుండాలి. ఇంటి ఇన్వర్టరు మీద లేజర్ ప్రింటరు నడపాలని చూడకండి. వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా గుంజే కరెంటుకు ఇన్వర్టరు ఆగిపోతుంది. జనరేటరు కావాలి. దానికి చేంజోవర్ స్విచ్చు (బయటి లైనును విడదీసి జనరేటరుకు మార్చేది) లేకపోతే బయటి లైన్లోకి కరెంటు ఎదురెళ్ళి స్తంభమెక్కినవాడి ప్రాణం తీస్తుంది.

ఇన్వర్టరు ఫోన్లకు పనికొస్తుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు. సగమే వాడి, నష్టం అయిదో వంతు తీసేస్తే 720. ఒక ఫోను నిండడానికి 25 అనుకుంటే ఒక బ్యాటరీకి 28 ఫోన్లు. మొదటి రోజు ఆ 28 ఎవరివో ముందే అనుకోవాలి. సెమిస్టర్_లెక్క గారు చెప్పిన జాబితాలు చూసే లెక్చరర్లవే ముందు నిండితే పిల్లల కబురు తెలుస్తుంది.

భాష సంగతి కూడా. ఇక్కడ మరాఠీ హెచ్చరిక గోండు ముసలమ్మకు అందదు, మీ దగ్గర ఒడియాది సవర ఊరికి అందదు. ఒక పేజీ నోటీసును మూడు భాషల్లోకి గంటలో మార్చగలిగినవాళ్ళు ఆ జిల్లాలో మీ ఆర్ట్స్ పిల్లలే. రాసింది పంపితే చాలదు, వాళ్ళ గొంతుతో రికార్డు చేసి పంపండి.

సెమిస్టర్_లెక్క:

సిరొంచ వారి మాటకు ఒకటి జోడిస్తాను. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. భవనాలు అక్కడే ఉండిపోయినా చదువు ఆగలేదు. మన కాలేజీ గోడలు నిలిచాయా లేదా అన్నదానికన్నా రిజిస్టరూ పాఠం చెప్పేవాడూ పరీక్షా నిలిచాయా అన్నది ముందు చూసుకోవాలి. వేరే ఊళ్ళో రెండు గదులు ఇస్తామన్న ఒప్పందం కాగితం ఒక్కటి మీ ప్రణాళికకు జతచెయ్యండి.

వంశధార_ఒడ్డు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. కోల్డ్ స్టోరేజీతో మాట్లాడటం, నోటరీని క్యాంపస్‌కు పిలవడం మాకు తట్టనే లేదు. ప్రయోగశాల మేష్టారూ, ఒకటి చెప్పండి. చుట్టూ ముప్పై బావులున్నాయి. బ్లీచింగ్ పౌడర్ ఎంత కొని ఉంచాలి?

ప్రయోగశాల_కిటికీ:

బావికి 80 గ్రాములు పట్టుకోండి, చెడ్డ పొడి లెక్కనే. ముప్పై బావులకు ఒక విడతకు 2.4 కిలోలు. మొదటి పది రోజులూ రోజూ వెయ్యాలి, అంటే 24 కిలోలు. మామూలు మోతాదుకు 25 కిలోల బస్తా ఒకటి సరిగ్గా సరిపోతుంది, వరద నీళ్ళు దూరిన బావులుంటే ఇంకా కావాలి. కొన్న రోజే బిగుతు మూతల ప్లాస్టిక్ డబ్బాల్లో 2 కిలోల చొప్పున సర్దండి, అప్పుడు ఒకటి తెరిచినా మిగతావాటి బలం పోదు. ఇనుప డబ్బా వద్దు, తుప్పు పడుతుంది. కిరసనాయిలు, డీజిలు ఉన్న గదిలో పెట్టొద్దు, నిప్పంటుకోవచ్చు. డబ్బా మీద కొన్న తేదీ రాసి, ఏటా సెప్టెంబరు మొదటి వారంలో మూడో సెమిస్టరు పిల్లలతో టైట్రేషన్ చేయించి, వచ్చిన శాతం ఆ తేదీ కిందే రాయించండి. 20 కన్నా తక్కువ వస్తే ఆ డబ్బాను మరుగుదొడ్లకు వాడేసి, బావులకు కొత్తది కొనండి.